యంత్రభాగములను కంప్యూటరుపై రూపొందించు విద్య

యంత్రమును నిర్మింపదలచిన వానికి మొట్టమొదట కావలసినది ఇనుము కాదు. ఆ యంత్రము యొక్క రూపము మనస్సునందు స్పష్టముగా నిలుచుట. అట్లు నిలిచిన రూపమును చెదరనీయక పనివాని చేతికి అందించుట పిమ్మటి కార్యము. ఈ కార్యమునకై మానవుడు కాలక్రమమున అనేక సాధనములను కల్పించుకొనెను. వానిలో ఇటీవలిది క్యాడ్ అను పేర వ్యవహరింపబడు విద్య. కంప్యూటరు సహాయమున రూపకల్పన చేయుట యని ఆ పేరునకు అర్థము. పదవ తరగతి ముగించి పాలిటెక్నిక్కులకును, ఐ.టి.ఐ.లకును పోవు మన విద్యార్థులు ఈ పేరును తఱచుగా విందురు. తలిదండ్రులును "మా వానికి క్యాడ్ నేర్పింపవచ్చునా? ఎన్ని నెలలు పట్టును? ఎంత సొమ్మగును?" అని మమ్ము అడుగుచుందురు. కావున ఈ విద్య యననేమి, దానిని నేర్చుట యనగా నిజముగా దేనిని నేర్చుట, అను సంగతులను ఈ వ్యాసమున మాకు చేతనైనంత తేటగా వివరింపదలచితిమి.

యంత్రపటములను గీయుటకు శాస్త్రమార్గమును చూపినవారిలో ఫ్రాన్సు దేశీయుడగు గస్పార్ మోంజ్ ముఖ్యుడు. పొడవు, వెడల్పు, ఎత్తు గల ఘనవస్తువును పొడవు వెడల్పులు మాత్రమే గల కాగితముపై నెట్లు చూపవలెను? ఎదుటనుండి చూచిన రూపమును, పైనుండి చూచిన రూపమును ఒక నియమము ననుసరించి గీసినచో, ఆ రెండింటి సాయమున వస్తువుపైనున్న ప్రతి బిందువు యొక్క స్థానమును నిర్ణయింపవచ్చునని ఆయన పదునెనిమిదవ శతాబ్దమున చూపెను. కోటల నిర్మాణమునకు పనికివచ్చునది గావున ఈ పద్ధతి కొంతకాలము రహస్యముగా నుంచబడెను. 1795లో ఆయన దీనిని బహిరంగముగా బోధించెను. 1799లో ఇది గ్రంథరూపమున వెలువడెను. నేటికిని మన బాలబాలికలు డ్రాయింగు బల్లమీద నేర్చు యంత్రపటములకు మూలము ఇదియే.

అయినను కాగితమునకు ఒక కొఱత కలదు. అది మౌనముగా నుండును. ఎదుటి రూపమున ఒక కడ్డీ పొడవును 80 మిల్లీమీటర్లనియు, పైరూపమున 90 మిల్లీమీటర్లనియు వ్రాసినచో "ఈ రెండును పొసగవు" అని కాగితము చెప్పదు. ఒక కొలతను మార్చవలసివచ్చినచో ఆ కొలతకు సంబంధించిన పటములన్నింటిని వెదకి, చెరిపి, మరల గీయవలెను. ఒక్కటి మరచినను పని చెడును.

ఈ కొఱతను తీర్చు తలంపు అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునందు పరిశోధన చేయుచున్న ఐవాన్ సదర్లండ్ అను యువకునకు కలిగెను. ఆయన 1963లో స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును తన పరిశోధనముగా సమర్పించెను. కంప్యూటరు తెరమీద వెలుతురు కలముతో రేఖలు గీయుట అందులో నొక భాగము. అంతకంటె విశేషమైనది, రేఖల నడుమ నుండవలసిన సంబంధమును సైతము కంప్యూటరునకు చెప్ప వీలగుట. "ఈ రెండు రేఖలును సమాంతరములుగా నుండవలెను", "ఈ నాలుగును సమానములు కావలెను" అని ఆజ్ఞాపించినచో, వంకరగా గీసిన చిత్రము తనంతట తానే సరియగుచుండెను. నేటి క్యాడ్ విద్యకంతటికిని ఈ భావమే పునాది.

ఆ కాలమున కంప్యూటరనగా గదినిండ నిండియుండు యంత్రము. సామాన్యులకు అందుబాటులో లేనిది. చిన్న కంప్యూటర్లు వచ్చిన పిమ్మట 1982లో ఆటోక్యాడ్ వెలువడి పటములు గీయు పనిని మేజాబల్లమీదికి తెచ్చెను. బోయింగ్ 777 అను పెద్ద విమానము భాగములన్నియు కంప్యూటరుపైననే రూపొందింపబడి 1994లో మొదటిసారి ఆకాశమున కెగసెను. 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చెను. వెల చెల్లింప నక్కఱలేకుండ ఎవరైనను వాడుకొనదగిన ఫ్రీక్యాడ్ 2002లో ప్రారంభమై, 2024లో తన 1.0 సంచికను పొందెను. మన పాఠశాలలవంటి చోట్లకు ఇది మిక్కిలి అనుకూలమైనది గావున, ఈ వ్యాసమునందలి ఉదాహరణములను దానినిబట్టియే చెప్పెదము. తక్కిన ప్రోగ్రాములందును మూలసూత్రములు ఇవియే.

ఇక విషయమునకు వత్తము. ఒక యంత్రభాగమును రూపొందించుటకు మొదట ఒక సమతలముపై దాని అడ్డుకోత రూపమును రేఖలతో గీయవలెను. చేతితో గీసినట్లు ఇచ్చట అందముగా గీయ నక్కఱలేదు. గీసిన పిమ్మట దానిని కట్టుబాట్లలో నుంచవలెను. దీని అర్థమును దీర్ఘచతురస్రముతో తెలిసికొందము. నాలుగు రేఖలను విడివిడిగా గీసితిమనుకొనుడు. ఒక్కొక్క రేఖకు రెండు కొనలు. ఒక్కొక్క కొనకు అడ్డముగా నొక సంఖ్యయు, నిలువుగా నొక సంఖ్యయు. అనగా రేఖకు నాలుగు చొప్పున మొత్తము 16 సంఖ్యలు మన యిష్టము వచ్చినట్లు మారగలవు. వీనిని స్వేచ్ఛలందురు. నాలుగు మూలలయందును కొనలను కలిపినచో మూలకు రెండు చొప్పున 8 స్వేచ్ఛలు పోవును. రెండు రేఖలు అడ్డముగాను, రెండు నిలువుగాను ఉండవలెనని విధించినచో మఱి 4 పోవును. మిగిలినవి నాలుగు: పొడవు, వెడల్పు, కాగితముపై నిలుచు చోటును తెలుపు రెండు సంఖ్యలు. ఈ నాలుగింటిని కూడ చెప్పినపుడు స్వేచ్ఛ ఏమియు మిగులదు. అప్పుడు ఫ్రీక్యాడ్ తెరపైన ఆ చిత్రము ఆకుపచ్చ రంగునకు మారును. చెప్పిన మాటనే మరియొక విధమున చెప్పినచో, లేక ఒకదానికొకటి విరుద్ధమగు మాటలు చెప్పినచో, ప్రోగ్రాము దానిని ఆక్షేపించును. మౌనముగా నుండిన కాగితమునకు దీనికి గల భేదము ఇదియే.

విద్యార్థులారా, ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపుడు. 80 మిల్లీమీటర్ల పొడవుగల ఒక పలకకు నడుమ రంధ్రము వేయవలెను. ఇద్దరు విద్యార్థులు ఆ పలకను రూపొందించిరి. మొదటివాడు రంధ్రము ఎడమ అంచునకు 40 మిల్లీమీటర్ల దూరమున ఉండవలెనని చెప్పెను. రెండవవాడు సంఖ్య నేమియు చెప్పక, రంధ్రము రెండు అంచులకును సమదూరమున ఉండవలెనని చెప్పెను. తెరమీద రెండు పలకలును ఒక్కటిగానే కనబడును. ఎవరును భేదమును కనిపెట్టలేరు. మరునాడు పలక పొడవు 100 మిల్లీమీటర్లు కావలెనని ఉత్తరువు వచ్చెను. ఇద్దరును పొడవును మార్చిరి. రెండవవాని రంధ్రము తనంతట తాను జరిగి 50 వద్ద, సరిగా నడుమ నిలిచెను. మొదటివాని రంధ్రము 40 వద్దనే నిలిచిపోయెను. మొదటివాడు కొలతను చెప్పెను; రెండవవాడు కారణమును చెప్పెను. మీటలను నొక్కుట ఇద్దరికిని తెలియును. ఆ రంధ్రము అచ్చటనే ఏల ఉండవలెనో తెలిసినవాడు రెండవవాడు మాత్రమే. క్యాడ్ విద్య యొక్క సారమంతయు ఈ ఒక్క ఉదాహరణమున కలదని మా యభిప్రాయము.

రేఖాచిత్రము సిద్ధమైన పిమ్మట దానికి ఘనరూపమును ఇయ్యవలెను. ఇందుకు ముఖ్యమైన మార్గములు రెండు. మొదటిదానిని మీ తల్లులు జంతికలు చేయునపుడు చూచియుందురు. జంతికల గొట్టము అడుగున నక్షత్రపు రంధ్రముగల బిళ్ల నుంచి పిండిని నొక్కినచో, ఆ నక్షత్రమే అడ్డుకోతగా గల పొడుగాటి త్రాడు వెలికివచ్చును. అట్లే రేఖాచిత్రమును ఒక దిశగా లాగి ఘనముగా చేయుదుము. రెండవది తరిమెన పద్ధతి. ఏటికొప్పాక లక్కబొమ్మలను చేయువారు కఱ్ఱను త్రిప్పుచు, ఉలితో ప్రక్కరూపమును చెక్కుదురు. చుట్టును అదే రూపము ఏర్పడును. అట్లే సగము రూపమును గీసి ఒక అక్షము చుట్టును త్రిప్పినచో గుండ్రని భాగము ఏర్పడును. పిస్టన్, కవాటము, ఇరుసు మొదలగునవి ఇట్లు పుట్టును. ఏర్పడిన ఘనమునుండి కొంత భాగమును తొలచివేయుట, రంధ్రములు వేయుట, పదునైన అంచులను గుండ్రముగా చేయుట, ఒక పంటిని చేసి దానినే చక్రము చుట్టును వలసినన్ని మార్లు ఏర్పఱచుట మొదలగు పనులు పిమ్మట వచ్చును.

చేసిన పనులన్నియు చేసిన క్రమముననే తెరకు ప్రక్కన ఒక పట్టికగా నిలిచియుండును. ఇది వంశవృక్షము వంటిది. పైనున్న దానిని మార్చినచో దానిమీద ఆధారపడిన క్రిందివన్నియు మరల లెక్కింపబడును. పైదానిని తీసివేసినచో క్రిందివి ఆధారము లేక కూలును. కావున పనిని ఏ క్రమమున చేయవలెనో ముందుగా యోచింపక తొందరపడి గీయు విద్యార్థి, పది నిమిషములలో చేసిన దానిని దిద్దుటకు పది గంటలు పడును.

ఇప్పుడు ఒక ఇంజనును తీసికొందము. మన యూళ్లలో చప్పుడునుబట్టియే గుర్తింపదగిన పాత బుల్లెట్టు బండిని ఎఱుగనివారుండరు. 346 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజనునందు సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు. పిస్టన్ పైనుండి క్రిందికి నడచు దూరము 90 మిల్లీమీటర్లు. వ్యాసార్ధము 3.5 సెంటీమీటర్లు, ఎత్తు 9 సెంటీమీటర్లు గల స్తూపమునకు ఘనపరిమాణమును కట్టి చూడుడు: 346.36 వచ్చును. గణితపుస్తకమునందలి స్తూపసూత్రము బండిమీద వ్రాసియున్న సంఖ్యగా మారుట ఇచ్చట చూడవచ్చును.

పిస్టన్ 90 మిల్లీమీటర్లు నడువవలెనన్నచో, దానిని నడుపు క్రాంకు యొక్క భుజము అందులో సగము, అనగా 45 మిల్లీమీటర్లు ఉండవలెను. ఈ సంబంధమును ఒక్కసారి చెప్పి విడిచినచో, 90ని మార్చినపుడు 45 కూడ మారును. క్రాంకునకును పిస్టన్‌కును నడుమ కనెక్టింగ్ రాడ్డు ఉండును. దాని పొడవును లెక్క కొఱకు 160 మిల్లీమీటర్లని అనుకొందము. పిస్టన్ పైకొనయందున్నప్పటినుండి క్రాంకు 90 డిగ్రీలు తిరిగెను. పిస్టన్ ఎంత దిగియుండును? క్రిందికి చేరుటకు క్రాంకు 180 డిగ్రీలు తిరుగవలెను గావున, అందులో సగము తిరిగినపుడు పిస్టన్ సగమే, అనగా 45 మిల్లీమీటర్లే దిగునని పిల్లలు చెప్పుదురు. లంబకోణ త్రిభుజమున కర్ణము 160, ఒక భుజము 45; రెండవ భుజము 153.54. పైకొనయందు క్రాంకు కేంద్రమునుండి పిస్టన్ పిన్ను వఱకు దూరము 205. రెండింటికిని భేదము 51.46 మిల్లీమీటర్లు. అనగా సగముకంటె 6 మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ దిగినది. పిస్టన్ పైసగమున వేగముగాను, క్రిందిసగమున నిదానముగాను నడచునన్నమాట. పైథాగరస్ సిద్ధాంతము చేతనున్న విద్యార్థి తెరమీద కదలు పిస్టన్‌ను చూచి, అది సరిగా కదలుచున్నదో లేదో తానే పరీక్షింపగలడు. అది లేనివాడు తెర చూపినదానిని నమ్మవలసినదే.

భాగములన్నియు సిద్ధమైన పిమ్మట వానిని కూర్పవలెను. ఇచ్చటను స్వేచ్ఛల లెక్కయే. ఒక సమతలమున కదలు వస్తువునకు మూడు స్వేచ్ఛలు: అడ్డముగా జరుగుట, నిలువుగా జరుగుట, తిరుగుట. క్రాంకు, రాడ్డు, పిస్టన్ అను మూడింటికి మొత్తము 9. క్రాంకును ఇంజను పెట్టెకు కీలుతో కట్టుదుము. రాడ్డును క్రాంకునకు కీలుతో కట్టుదుము. పిస్టన్‌ను రాడ్డునకు కీలుతో కట్టుదుము. పిస్టన్ సిలిండరు వెంబడి మాత్రమే జాఱవలెనని విధింతుము. ఈ నాలుగు బంధములును రెండేసి స్వేచ్ఛలను హరించును, మొత్తము 8. తొమ్మిదింటిలో ఎనిమిది పోగా మిగిలినది ఒక్కటి. ఆ ఒక్క స్వేచ్ఛయే ఇంజను. క్రాంకును త్రిప్పినచో తక్కినవన్నియు తమతమ చోట్లకు నిర్ణయముగా పోవును. ఒక బంధము తక్కువైనచో భాగములు గాలికి ఊగును. ఒకటి ఎక్కువైనచో ఏదియు కదలదు.

కవాటములను త్రోయు క్యామ్ ఇరుసు కూడ ఈ క్రాంకునుండియే కదలవలెను. నాలుగు ఘట్టముల ఇంజనునందు క్రాంకు రెండు చుట్లు తిరుగు లోపల క్యామ్ ఒక్క చుట్టు తిరుగవలెను. కావున క్రాంకు చక్రమునకు 20 పండ్లున్నచో క్యామ్ చక్రమునకు 40 ఉండవలెను. పండ్ల పరిమాణమును తెలుపు మాడ్యూలు 2 మిల్లీమీటర్లైనచో, ఆ చక్రముల వ్యాసములు 40, 80. వాని కేంద్రముల నడుమ దూరము 60 మిల్లీమీటర్లు. ఈ 60 తప్పినచో పండ్లు ఒకదానినొకటి అందుకొనవు, లేక ఒకదానిలో నొకటి ఇరుకుకొనును.

ఇంతవఱకు ప్రోగ్రాము మనకు సాయపడు విధమును చెప్పితిమి. అది చెప్పని సంగతులను గూర్చి ఇప్పుడు చెప్పవలసియున్నది. ఈ వ్యాసమునందు విద్యార్థులు ముఖ్యముగా గ్రహింపవలసినది ఇదియే.

ఒక విద్యార్థి సిలిండరు లోపలి వ్యాసమును 70 మిల్లీమీటర్లుగాను, పిస్టన్ వ్యాసమును 70 మిల్లీమీటర్లుగాను చేసెను. తెరమీద పిస్టన్ సిలిండరులోనికి చక్కగా దిగును. పైకి క్రిందికి హాయిగా ఆడును. రెండు ఘనములు ఒకదానిలో నొకటి చొరబడినచో ప్రోగ్రాము కనిపెట్టగలదు గాని, ఇచ్చట అవి అంటుకొనియున్నవేగాని చొరబడలేదు. కావున అది ఏమియు అనదు. ఇదే పిస్టన్‌ను లోహముతో చేసి ఇంజనున బిగించినచో ఏమగును? అల్యూమినియము మిశ్రలోహము ఒక్క డిగ్రీ వేడికి తన పొడవులో పదిలక్షలవంతులు సుమారు 23 చొప్పున సాగును. 70 మిల్లీమీటర్ల పిస్టన్ 200 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 0.32 మిల్లీమీటరు పెరుగును. పోత ఇనుపసిలిండరు సుమారు 11 చొప్పున మాత్రమే సాగును. గాలి తగులుచుండుటచే అది 100 డిగ్రీలే వేడెక్కినదనుకొన్నచో దాని పెరుగుదల 0.08 మిల్లీమీటరు. ఇక పిస్టన్‌కు చోటెక్కడ? అది సిలిండరును పట్టుకొని బిగుసుకొనును. అందుచేతనే పిస్టన్‌ను సిలిండరుకంటె సన్నముగా, మఱియు వేడి యెక్కువగా తగులు తలభాగమును క్రిందిభాగముకంటె మఱికొంత సన్నముగా చేయుదురు. ఈ సందును ఎంత విడువవలెనో తెర చెప్పదు. వేడికి లోహము సాగునని ఎనిమిది తొమ్మిది తరగతులలో చదివి, జ్ఞప్తియందుంచుకొన్నవాడు చెప్పవలెను.

మఱియొక సంగతి. తెరమీద 70 అనగా సరిగా 70. లేతు మిషనుమీద సరిగా 70 అను కొలత లేనేలేదు. ఉలి అరుగును, లోహము వేడెక్కును, పనివాని చేయి కొంచెము అటునిటు పోవును. కావున ఎంత తేడా యున్నను ఫరవాలేదో పటముననే వ్రాయవలెను. అంతర్జాతీయ ప్రమాణముల ననుసరించి 70 మిల్లీమీటర్ల రంధ్రమునకు హెచ్ 7 అను గుర్తు నుంచినచో, అది 70.000 మొదలు 70.030 మిల్లీమీటర్ల వఱకు ఎంతైనను ఉండవచ్చునని అర్థము. మూడు వందలవంతుల మిల్లీమీటరు! తలవెండ్రుక మందముకంటె ఇది తక్కువ. జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమును ఎంత చక్కగా ఊహించినను, సిలిండరును గుండ్రముగా తొలుచు విధానమును 1774లో జాన్ విల్కిన్‌సన్ కనుగొనినదాక ఆ యంత్రము పెద్దయెత్తున ఆచరణయోగ్యము కాలేదని చరిత్ర చెప్పుచున్నది. ఊహకు కొలత తోడు కావలెను.

ఇట్లే పోతపోయు భాగమునకు అచ్చునుండి ఊడివచ్చుటకై ప్రక్కలకు కొంచెము వాలు కావలెను. మఱను బిగించుటకు స్పానరు పట్టునంత చోటు కావలెను. అరిగిపోవు భాగమును మార్చుటకు చేయి పోవునంత సందు కావలెను. ఇవి లేని ఇంజను తెరమీద నిర్దోషముగా తిరుగును; మెకానిక్కు చేతిలో నిలువదు.

అనుభవజ్ఞులకైనను ఈ విషయమున జాగరూకత తప్పదనుటకు ప్రపంచప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి కలదు. ఏర్‌బస్ ఎ380 అను రెండంతస్తుల విమానమునందు సుమారు 530 కిలోమీటర్ల విద్యుత్తు తీగలు కలవు. జర్మనీలోని హాంబర్గున పనిచేయువారును, ఫ్రాన్సులోని తులూజున పనిచేయువారును ఒకే క్యాడ్ ప్రోగ్రాము యొక్క వేఱువేఱు సంచికలను వాడుచుండిరి. ఒకచోట చేసిన మార్పులు రెండవచోట సరిగా ప్రతిఫలింపలేదు. విమానమును కూర్చునపుడు తీగల కట్టలు పొడవు చాలక చేరవలసిన చోటికి చేరలేదు. 2006లో అందవలసిన మొదటి విమానము 2007 అక్టోబరున గాని అందలేదు. రెండు పట్టణములందును గొప్ప ఇంజనీర్లే యుండిరి; తెరలమీద రూపములును చక్కగానే యుండెను. ఒకరికి తెలిసినది మఱియొకరికి చేరుటయే లోపించెను. రూపమును చెదరనీయక ఇతరుల చేతికి అందించుట ఈ విద్య యొక్క ప్రయోజనమని మొదటనే చెప్పితిమి గదా!

ఇక నేర్చు విధమును చెప్పుదుము. మొదట పెన్సిలుతో కాగితముపై ఎదుటిరూపమును, పైరూపమును, ప్రక్కరూపమును గీయుట అలవరచుకొనవలెను. కంప్యూటరు ఈ రూపములను ఒక్క క్షణమున ఇచ్చును. కాని ఇచ్చినదానిని చదువగల కన్ను చేతిపనివలననే కలుగును. రెండవది, కొలుచుట. వెర్నియరు కాలిపర్సుతో మిల్లీమీటరులో పదవవంతును, స్క్రూగేజితో నూఱవవంతును తప్పులేకుండ చదువుట నేర్వవలెను. మూడవది, ఒక నిజమైన వస్తువును విప్పుట. పాడైన నీటికుళాయి, సైకిలు పంపు, వీధిచివరి మెకానిక్కు అడిగినచో ఇచ్చు పాత పిస్టన్, ఏదైనను చాలును. దానిలోని ప్రతి భాగమును కొలిచి, నోటుపుస్తకమున చేతితో గీసి, "ఈ భాగము ఈ రూపముననే ఏల యున్నది?" అని ప్రతిదానిని ప్రశ్నించి, పిమ్మటనే కంప్యూటరు ముందు కూర్చుండవలెను. నాలుగవది, రూపొందించిన దానిని మార్చి చూచుట. ముఖ్యమైన కొలత నొకదానిని హఠాత్తుగా పెంచుడు. భాగమంతయు చెదరక పెరిగినచో మీరు కట్టిన సంబంధములు సరియైనవి. చెదరినచో ఎచ్చట కారణమునకు బదులు కొలతను వ్రాసితిరో వెదకుడు. ఇంతకంటె మంచి పరీక్షకుడు మీకు దొరకడు.

తలిదండ్రులకు ఒక్క మాట. ఆజ్ఞల పేళ్లను, మీటల స్థానములను నేర్చుటకు కొలది వారములు చాలును; సర్టిఫికెట్టును లభించును. అంతమాత్రమున బిడ్డకు యంత్రనిర్మాణము వచ్చినదని తలంపవలదు. ప్రోగ్రాములు కొన్ని యేండ్లకు మారుచుండును. మీటలు చోటు మారును. జ్యామితియు, లోహధర్మములును మారవు. కావున ఏ శిక్షణాలయమునకైనను సొమ్ము చెల్లింపకమునుపు అచ్చట విద్యార్థులచే నిజమైన వస్తువులను కొలిపింతురా, చేసిన పటమును లేతుమీదనో, త్రీడీ ప్రింటరుమీదనో వస్తువుగా చేయింతురా అని అడుగుడు. అదియు లేనిచో ముందుగా ఇంటనో, పాఠశాలయందో ఫ్రీక్యాడ్‌తో ఆరంభింపవచ్చును. దానికి వెల లేదు. గణితమునందు వెనుకబడిన బిడ్డకు క్యాడ్ తరగతికంటె గణితమే ముందుగా అవసరమని నిర్మొగమాటముగా చెప్పుచున్నాము. బాలికలకు ఈ విద్య తగదను అపోహయు కొందరియందు కలదు. ఇందు కావలసినది కండబలము గాక నిదానము, పరిశీలన. ఇవి మా తరగతులందు బాలికలకు తక్కువగా నుండుట మేము చూడలేదు.

ప్రియ విద్యార్థులారా, ఇంజనులోని తొమ్మిది స్వేచ్ఛలలో ఎనిమిది తీసివేసిన పిమ్మట మిగిలిన ఒక్కటియే బండిని నడిపించుచున్నది. వానిని తీసివేసిన నాలుగు బంధములలో ప్రతిదానికి ఒక కారణము కలదు. కారణము తెలిసి కట్టిన కట్టుబాటు యంత్రమును నడుపును. తెలియక కట్టినది దానిని బిగబట్టును. మీరు కంప్యూటరు ముందు కూర్చుండి ఒక సంఖ్యను వ్రాయునపుడెల్ల, వ్రాయుటకు ముందు "ఏల?" అను ప్రశ్నకు సమాధానమును సిద్ధపఱచుకొనుడు. తెర మిమ్ము ఆ ప్రశ్న నడుగదు. మీరు చేసిన భాగమును చేతబట్టిన పనివాడు అడుగును. మీరు చేసిన బండినెక్కిన ప్రయాణికుడు, తాను అడుగకుండగనే, తన ప్రాణమును మీ సమాధానముమీద నుంచును.